కోతుల గన్ను ఏ శాఖ కిందికి వస్తుందో ఎవరైనా ఒకరు చెప్పండి

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు, పోలీసు అధికారులకు, పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో వారికి, బొమ్మలకు ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ వారికి, ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే కంపెనీల వారికి నమస్కారం.

నేను గ్యాస్ వెల్డింగ్ పనివాణ్ని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మండల కేంద్రంలో బస్టాండు వెనక చిన్న రేకుల షెడ్డు నాది. పెద్దగా చదువుకోలేదు, మర్యాదల్లో ఎక్కడైనా లోటు కనిపిస్తే సర్దుకోండి, విషయం మాత్రం చివరిదాకా చదవండి.

పిల్లల కళ్ళు పోగొడుతున్న కోతుల గన్ను గురించి ఇలా అందరికీ కలిపి రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, విడివిడిగా ఇచ్చిన కాగితాలు ఎక్కడికీ పోలేదు. మూడు సోమవారాలు షెడ్డు మూసేసి ప్రజావాణిలో క్యూ కట్టాను. మొదటి అర్జీని పోలీసులకు పంపారు, వాళ్ళు ఇది పిల్లలాడుకునే బొమ్మ, మా కిందికి రాదన్నారు. రెండోది పటాకుల లైసెన్సులు చూసేవాళ్ళ దగ్గరికి పోయింది, ఇందులో మందు లేదు కాబట్టి పటాకు కాదని వాళ్ళు చెప్పారు. మూడోదానికి మాత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కరించబడినది' అని. ఆ మెసేజ్ వచ్చిన రోజు సాయంత్రమే మా షెడ్డు ఎదురుగా ఇద్దరు పిల్లలు అదే గన్ను పట్టుకుని పోతూ కనిపించారు.

అసలు వస్తువేంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కొందరు కోతుల గన్ను అంటారు, కొందరు పైపు గన్ను, పేపర్లలో కార్బైడ్ గన్ను అని రాస్తారు. ప్లాస్టిక్ పైపు, స్టవ్వు వెలిగించే లైటరు, లోపల తడిపిన కార్బైడ్ ముక్క. గ్యాసు పుడుతుంది, నిప్పురవ్వ తగిలితే ఢామ్మని పేలుతుంది. కోతుల్ని బెదరగొట్టడానికి రైతులు మొదలుపెట్టారు, ఉత్త చప్పుడుకే. పిల్లల చేతికొచ్చాక చప్పుడుతో ఆగలేదు. మూతిలో గులకరాయి పెడితే ఎంత దూరం పోతుంది, గోళీ పెడితే ఎంత, రూపాయి బిళ్ళ పెడితే ఎంత అని పోటీలు పెట్టుకుంటున్నారు, దాన్ని ఫోన్లో తీసి పెడుతున్నారు, అది చూసి పక్క ఊరి పిల్లలు ఇంకాస్త బరువైంది పెడుతున్నారు.

ఈ గ్యాసు పేరు ఎసిటిలీన్. ఇనుము కోయడానికి మేము వాడేది ఇదే. వంటగ్యాసు గాలిలో సుమారు రెండు నుంచి తొమ్మిది, పది శాతం మధ్య కలిస్తేనే అంటుకుంటుంది, అంతకు తక్కువైనా ఎక్కువైనా అంటుకోదు. ఎసిటిలీన్‌కు అలాంటి మొహమాటం లేదు, రెండున్నర శాతం నుంచి ఎనభై శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. అందుకే మేము మంట వెనక్కి పోకుండా పైపుకు అరెస్టర్ పెడతాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం, లీకు అయిందేమోనని సబ్బునీళ్ళతో చూసుకుంటాం. ఇన్ని చేసినా నా ఎడమ మోచేతి మీద పాత మచ్చ ఒకటి ఉంది. అలాంటి గ్యాసును పన్నెండేళ్ళ పిల్లాడు మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని ఆడుకుంటున్నాడు.

ఆ పన్నెండేళ్ళ పిల్లాడు మా అక్క కొడుకే. ఏడో తరగతి. సంక్రాంతి సెలవులు, భోగికి ముందురోజు. నలుగురు పిల్లలు డాబా మీద చేరారు. ముందు గులకరాళ్ళు పేల్చారు, తర్వాత రేగుపండ్ల గింజలు, తర్వాత రూపాయి బిళ్ళ. మొదటి బిళ్ళ పోయి పక్కింటివాళ్ళ నల్లా దగ్గరున్న స్టీలు బిందెకు తగిలి సొట్ట పెట్టింది. ఆ బిందె ముంచుకుంటున్న ఆవిడ అప్పుడే చెంబు కోసం లోపలికి పోయింది కాబట్టి సరిపోయింది. రెండో బిళ్ళ పేలలేదు. మావాడు లైటరు నొక్కాడు, లేదు. ఊపాడు, మళ్ళీ నొక్కాడు, లేదు. లోపల ఏమైందో చూద్దామని మూతి దగ్గర కన్ను పెట్టాడు, వేలు ఇంకా లైటరు మీదే ఉంది.

బిళ్ళ కనుబొమ్మను చీల్చుకుని పైకి పోయింది, అక్కడ ఐదు కుట్లు పడ్డాయి. అది మానిపోయింది. మానంది బిళ్ళ వెనక వచ్చిన మంటా, తడి సున్నమూ. కార్బైడ్‌కు నీళ్ళు తగిలితే గ్యాసు పోయాక మిగిలేది సున్నమే, మా గ్యాసు డబ్బా కడిగినప్పుడు తెల్లటి బురద పోతుంది చూడండి, అదే. అది కంట్లో పడింది. మా అక్క కొంగుతో తుడిచింది, పక్కింటి ముసలమ్మ చల్లదనానికని ఆముదం చుక్క వేసింది, ఊళ్ళో ఆర్ఎంపీ దూది పెట్టి గట్టిగా కట్టు కట్టి పట్నం తీసుకుపొమ్మన్నాడు. ఎవరి తప్పూ లేదు, తెలిసినంతలో చేశారు. కానీ పట్నంలో కంటి ఆసుపత్రిలో సెలైన్ పెట్టి కన్ను కడిగేసరికి నాలుగు గంటలు దాటింది. అంతసేపూ కట్టు కింద సున్నం తన పని తాను చేసుకుపోయింది.

ఆ రూపాయి బిళ్ళ మా అక్క దగ్గరే ఉంది. అంచంతా మసి పట్టి నల్లగా అయింది. పారెయ్యమంటే పారెయ్యదు.

ఇంకో మాట దాచిపెడితే ఈ లేఖ రాసి లాభం లేదు. ఆ కార్బైడ్ నా షెడ్డుదే. పల్లి చేను కోతులు తవ్వేస్తున్నాయని బావ అడిగితే కాదనలేక గుప్పెడు కవర్లో పోసి ఇచ్చాను. కార్బైడ్‌ను గాలి చొరబడని ఇనుప డబ్బాలో తప్ప ఉంచకూడదని, నీళ్ళు తగలనివ్వొద్దని ఆ డబ్బా మీద రాసి ఉండాలని 1987 కాల్షియం కార్బైడ్ నిబంధనలు చెప్తున్నాయట, ఇది జరిగాకే తెలిసింది నాకు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అధికారి కూడా వచ్చి ఆ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇది మా ఊరి గొడవ అనుకుంటారేమో, మధ్యప్రదేశ్ చూడండి. 2025 దీపావళికి భోపాల్, విదిశ, ఇండోర్, గ్వాలియర్, జబల్పూర్ బజార్లలో ఈ గన్నులు 150, 200 రూపాయలకు అమ్మారు. అమ్మకూడదని పండుగకు ముందే ఆదేశాలిచ్చినా బండ్ల మీద అమ్మకం ఆగలేదు. మూడు రోజుల్లో వందకు పైగా పిల్లలు కళ్ళు కాలి ఆసుపత్రుల్లో చేరారని, 14 మందికి చూపు పోయిందని పత్రికలు రాశాయి, ఆ లెక్క తర్వాత ఇంకా పెరిగింది. అరెస్టులు ఆ తర్వాత జరిగాయి. కార్బైడ్ అన్న మాట 1984 యూనియన్ కార్బైడ్ కంపెనీ గ్యాసు దుర్ఘటన నుంచి భోపాల్ వాళ్ళ చెవుల్లో ఎలా మోగుతుందో మనకు తెలుసు, ఆ కంపెనీ విషవాయువు వేరు, ఈ గ్యాసు వేరు, అయినా ఆ పేరు మళ్ళీ అదే ఊళ్ళో పిల్లల కళ్ళ మీద పడటం చదివి ఆ పూట అన్నం సహించలేదు. ఆ పిల్లల్లో చాలామంది కథ మావాడి కథే. పేలలేదని లోపలికి తొంగి చూశారు, అప్పుడు పేలింది.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెప్తాను.

1. సున్నం దెబ్బ మామూలు దెబ్బ కాదు. డాక్టరు మాకు అర్థమయ్యేలా చెప్పారు. యాసిడ్ పడితే పైపొర గడ్డకట్టి కొంతవరకు అక్కడే ఆగుతుందట, సున్నం లాంటి క్షారం మాత్రం పొరల్ని కరిగించుకుంటూ లోపలికి పోతుందట. నల్లగుడ్డు అంచున ఉండి కంటి పైపొరను కొత్తగా పుట్టించే మూలకణాలు కాలిపోతే కన్ను తెల్లబడి, దాని మీదికి రక్తనాళాలు పాకుతాయి. కన్ను మారిస్తే సరిపోతుంది కదా అని ఊళ్ళో చాలామంది అన్నారు. ఆ మూలకణాలు లేకుండా ఉత్త కార్నియా, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, మారిస్తే నిలవదు. ముందు అవి అతకాలి, తర్వాత కార్నియా, ఆ తర్వాత కూడా చూపు ఎంత వస్తుందో ఎవరూ మాటివ్వరు. మావాడికి ఆ కంటితో ఇప్పుడు లైటు వేశారా ఆర్పారా అన్నది తెలుస్తుంది, అంతే.

2. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే సర్టిఫికెట్‌లో 30 శాతం వైకల్యం రాస్తారు. పింఛనుకైనా రిజర్వేషన్‌కైనా 40 శాతం ఉండాలి. అంటే కన్ను పోయినట్టు ప్రభుత్వమే కాగితం ఇస్తుంది, ఆ కాగితంతో మాత్రం ఏ పనీ జరగదు. ఆర్మీకి పోతానని పొద్దున్నే లేచి ఊరి చుట్టూ పరిగెత్తేవాడు మావాడు.

3. ఆపరేషన్ ఖర్చు ఏదో ఒక పథకంలో కలిసినా, పట్నం పోయి రావడం ఎందులోనూ కలవదు. నెలకు రెండుసార్లు ఇద్దరికి బస్సు, ఒక పూట తిండి, బావకు రెండు రోజుల కూలి, అక్కకు బీడీల పని బంద్. కంట్లో చుక్కల మందు రోజుకు ఆరుసార్లు. బడికి పోతే మధ్యాహ్నం చుక్కలు ఎవరు వేస్తారని వాళ్ళమ్మ చాలా రోజులు బడి గేటు దగ్గరే కూర్చుంది.

4. ముందు నిలబడ్డవాళ్ళ సంగతి. పట్టుకున్నవాడి కన్నుకు పట్టుకున్నవాడే బాధ్యుడు అంటారు, సరే. బిందె దగ్గర ఆవిడ ఏం చేసింది? ఇప్పుడు చెలామణిలో ఉన్న కొత్త రూపాయి బిళ్ళ మూడు గ్రాములకు కొంచెం ఎక్కువ, ఇరవై మిల్లీమీటర్ల స్టీలు ముక్క. పిల్లల చేతిలో అది ఏ వైపు పోతుందో పేల్చినవాడికే తెలియదు.

ఇప్పుడు చట్టాల దగ్గరికి వస్తాను. ఇంటర్ చదివే మా తమ్ముడి కూతురు ఫోన్లో వెతికి చదివి వినిపించింది. ఆయుధాల చట్టం 1959లో తుపాకీ అంటే ఏంటో రాసి ఉందట. పేలుడుతో గానీ మరే రకమైన శక్తితో గానీ ఏ రకం వస్తువునైనా విసిరేలా తయారుచేసినదీ, మార్చినదీ దాని కిందికి వస్తుందట. మూతిలో బిళ్ళ పెట్టి పేల్చే పైపు దీని కిందికి రాదని ఏ లెక్కన అన్నారు? బొమ్మ అంటారా, 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలాడుకునే ప్రతి బొమ్మకూ ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ బొమ్మల ప్రమాణంలో, తనతో వచ్చిన గుండు తప్ప వేరే ఏదైనా పెట్టి పేల్చే వీలున్న తుపాకీ బొమ్మల మీద ప్రమాద హెచ్చరిక ఉండాలని కూడా ఉంది. అంటే పిల్లలు పెన్సిలు ముక్క, రాయి, బిళ్ళ పెడతారని ఆ రూలు రాసినవాళ్ళకు ముందే తెలుసు. మా జాతరలో దుకాణాల వరుసంతా తిరిగి చూశాను, ప్లాస్టిక్ గుండ్ల తుపాకీలు కుప్పలుగా ఉన్నాయి, ఐఎస్ఐ మార్కు ఒక్కదాని మీదా కనపడలేదు.

మామిడికాయల సంగతి వచ్చేసరికి మీరంతా ఎంత చురుగ్గా ఉంటారో చూశాం. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టొద్దని 2011 ఆహార నిబంధనల్లో ఉంది, 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని ప్రభుత్వాలను నిలదీసింది, ఇప్పటికీ వేసవి వస్తే పండ్ల మార్కెట్ల మీద దాడులు చేస్తారు, మంచిదే. అదే కార్బైడ్ పిల్లాడి చేతిలో ఉంటే ఎవరికీ పట్టదు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అని పెద్దలు ఊరికే అనలేదు, మావాడి కంట్లో నిజంగానే సున్నం పడింది.

తుపాకీ బొమ్మలన్నీ తీసి పారెయ్యమని నేను అనను. మా చిన్నప్పుడు రీలు తుపాకీలతో దీపావళికి పది రోజుల ముందు నుంచే టపటపలాడించేవాళ్ళం. బస్తర్‌లో జగదల్‌పూర్ రథయాత్రకు, వాళ్ళు గోంచా అంటారు, వెదురుతో చేసిన 'తుప్కి'లు పేలుస్తారు, గుండ్ల బదులు పెంగు అనే అడవి కాయలు పెట్టి. అందులో తోసేది గాలి, నిప్పు ఉండదు. అది ఆట. ఈ పైపులో ఉన్నది నా షెడ్డు.

రైతుల మాట కూడా చెప్పాలి, లేకపోతే వాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. కోతుల వల్ల కూరగాయలు, పల్లి వేయడమే మానేసినవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది. రాత్రి పందులు, పగలు కోతులు. మీరు ఏ దారీ చూపకుండా పైపు గన్ను లాక్కుంటే ఇంకేదో చేసుకుంటారు, అది దీనికన్నా ప్రమాదం కావచ్చు. నిర్మల్‌లో 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టారు, అలాంటివి ఇంకెన్ని జిల్లాల్లో కావాలో రైతుల్ని అడిగితే చెప్తారు.

అందుకని మేము అడుగుతున్నవి ఇవి.

1. ముందు ఈ వస్తువు ఏ శాఖ కిందికి వస్తుందో రాతపూర్వకంగా చెప్పండి. జిల్లాకొక అధికారిని పెట్టి ఆయన ఫోన్ నంబరు బయట పెట్టండి. ఆరు శాఖలు కలిసి కమిటీ వేస్తామంటే మాత్రం వద్దు, ఆ కమిటీకి టీలు మోసే ఓపిక మాకు లేదు.

2. కార్బైడ్ విడిగా అమ్మడం ఆపండి. వెల్డింగ్ షాపులు, హార్డ్‌వేర్ షాపులు ఎవరికి ఎంత ఇచ్చారో రిజిస్టర్ రాయాలని ఆదేశం ఇవ్వండి. మొదటి తనిఖీ నా షెడ్డులోనే చేసుకోవచ్చు. ఇది జరిగాక నేను గ్రాము కూడా బయటికి ఇవ్వలేదు, మొన్న ఒక పిల్లాడు వచ్చి 'అన్నా, యాభై రూపాయలది ఇయ్యవా, కోతులకు' అన్నాడు, వాళ్ళకు చేను కూడా లేదు.

3. ఆన్‌లైన్ కంపెనీలవారూ, పేరు మార్చి కోతులు తరిమే పరికరమని, రైతు మిత్ర అని, పార్టీ గన్ను అని పెట్టే వాటిని మీరే వెతికి తీసెయ్యండి. నేను ఒక్కసారి వెతికితే ఆ తర్వాత వారం రోజులు నా ఫోన్లో అవే ప్రకటనలు. అమ్మడానికి మీ కంప్యూటర్‌కు అంత తెలివి ఉంటే, ఆపడానికి కూడా ఉంటుంది.

4. దీపావళికీ సంక్రాంతికీ ముందు, పండుగ అయ్యాక కాదు, బండ్ల మీద తనిఖీలు. 2024 దీపావళి రోజు ఏలూరులో ఉల్లిపాయ బాంబులు టూ వీలర్ మీద తీసుకుపోతుంటే గుంతలో పడి పేలి ఒక మనిషి చనిపోయాడు. అవీ లెక్కలో లేని సరుకే, జనం చచ్చేదాకా ఎవరికీ కనపడనివే.

5. ప్రతి పీహెచ్‌సీలో కన్ను కడిగే సామాను, ఆర్ఎంపీలకూ ఆశా కార్యకర్తలకూ ఒక పూట శిక్షణ. బడి గోడ మీద నాలుగు లైన్లు రాయించండి, ఖర్చు డబ్బా రంగు. సున్నమో కార్బైడో కంట్లో పడితే రుద్దొద్దు. పైన కనపడే ముక్కల్ని శుభ్రమైన దూదితో తీసేసి, వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ ఇరవై నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆముదం, పాలు, కట్టు ఏవీ వద్దు. కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి. తమలపాకు సున్నం పొట్లాలు చిట్లి పిల్లల కళ్ళు పోవడం ఎప్పటి నుంచో ఉన్నదే, ఈ నాలుగు లైన్లు వాళ్ళకూ పనికొస్తాయి.

6. ఒక కన్ను పోయిన పిల్లలకు ఆ 30 శాతం కాగితం మీద ఏదో ఒకటి ఇచ్చే దారి చూడండి. కనీసం చికిత్స అయిపోయేదాకా పిల్లాడికీ తోడొచ్చినవాళ్ళకూ బస్ పాస్.

వీడియోలు చేసే తమ్ముళ్ళకు ఒక్క మాట. మీ వీడియోలో గన్ను ప్రతిసారీ పేలుతుంది, ఎందుకంటే పేలనివి మీరు కత్తిరించేస్తారు. మా పిల్లాడికి మీరు చూపించనిదే జరిగింది. ఆ వీడియోలు తీసెయ్యండి, లైకులు వేరేదానికి వస్తాయి.

జవాబు ఏ శాఖ నుంచి వచ్చినా ఫర్వాలేదు. అప్పటిదాకా వచ్చే సోమవారం నాలుగో కాగితం పట్టుకుని అదే క్యూలో ఉంటాను. ఈసారి మా అక్క కూడా వస్తానంది, కొంగున ముడేసిన ఆ బిళ్ళ మీకు చూపించాలట.

ఇట్లు,
ఒక గ్యాస్ వెల్డింగ్ పనివాడు